ప్రేక్షక ధర్మము

ఆడుట యొక విద్య. ఆట చూచుటయు నొక విద్యయే. మొదటిదానిని నేర్పుటకు పాఠశాలలో వ్యాయామోపాధ్యాయు లున్నారు, మైదాన మున్నది, నియమములున్నవి, తప్పు జరిగినచో ఈల యూది నిలిపెడి మధ్యవర్తి యున్నాడు. రెండవదానిని నేర్పువారు లేరు. గట్టుపై కూర్చున్నవానికి నియమములు చెప్పువారు లేరు, ఈల యూదువారును లేరు. అందువలననే కాబోలు, నేడు మైదానము లోపల జరుగు తప్పులకంటె మైదానము చుట్టును జరుగు తప్పులే ఎక్కువగా మన చెవిని బడుచున్నవి.

ఆటనే వృత్తిగా గైకొని జీవించు క్రీడాకారులపై ప్రేక్షకులు కురిపించుచున్న దూషణములను గూర్చి ఈ సంచికలో కొంత ముచ్చటింపదలచితిమి. ఇది పెద్ద నగరములకును, పెద్ద పోటీలకును సంబంధించిన విషయమనియు, మన చిన్న పాఠశాలకు దీనితో పనిలేదనియు కొందరు తలంపవచ్చును. మే మట్లు తలంపము. ఎచ్చటనో పెద్ద మైదానములో లేచిన కేక టెలివిజను ద్వారా మన నట్టింటికి వచ్చుచున్నది. అటనుండి మన పాఠశాల కబడ్డీ బరికి నడచి వచ్చుచున్నది. పిల్లలు పాఠము వినినంత శ్రద్ధగా పెద్దల కేకలను గూడ వినుచున్నారు.

ముందుగా మన దేశమున జరిగిన రెండు సంగతులను ప్రక్కప్రక్కన పెట్టి చూతము.

1996 మార్చి 13 వ తేదీన కలకత్తా ఈడెన్ గార్డెన్సు మైదానములో ప్రపంచ క్రికెట్టు పోటీ సెమీ ఫైనలు జరిగెను. శ్రీలంక జట్టు 251 పరుగులు చేసెను. భారత జట్టు ఒక వికెట్టు నష్టమునకు 98 పరుగులు చేసి, గెలుపు బాటలోనే యున్నట్లు కనబడి, అంతలో కూలిపోయి 8 వికెట్లకు 120 పరుగుల దగ్గర నిలిచెను. అప్పుడు ప్రేక్షకులలో కొందరు సీసాలు విసరిరి. కూర్చుండు చోట్ల నిప్పు పెట్టిరి. మ్యాచి రిఫరీ క్లైవ్ లాయిడ్ ఆటను కొంతసేపు నిలిపి, మరల మొదలుపెట్టించి చూచెను. ప్రయోజనము లేకపోగా శ్రీలంకకే విజయమని ప్రకటించెను. అవుటు కాక మిగిలిన వినోద్ కాంబ్లీ కన్నీరు కార్చుచు మైదానమును వీడెను. ఆనాడు మన జట్టు ఓడిపోవుచుండినమాట నిజమే. కాని తుదిబంతి వరకు ఆడి ఓడు గౌరవమునుగూడ వారినుండి లాగికొన్నవారు ప్రత్యర్థులు కారు. మేము మీ అభిమానులమని చెప్పుకొన్నవారే.

దాదాపు మూడేండ్ల తరువాత, 1999 జనవరి 31 వ తేదీన, చెన్నపట్టణము చేపాకము మైదానములో భారత పాకిస్తాను జట్ల టెస్టు మ్యాచి ముగిసెను. మన జట్టు గెలుచుటకు 271 పరుగులు కావలసియుండెను. సచిన్ టెండూల్కరు నడుమునొప్పిని ఓర్చుకొని 136 పరుగులు చేసెను. గెలుపు చేతికి అందునంత దగ్గరకు వచ్చినప్పుడు ఆయన అవుటయ్యెను. తక్కినవారు వెంటవెంటనే వెనుదిరిగిరి. 258 పరుగులకు ఆట ముగిసెను. 12 పరుగుల తేడాతో ఓటమి! ఒక్క నిమిషము చేపాకము మూగవోయెను. పిమ్మట ఆ ప్రేక్షకులు లేచి నిలిచి గెలిచిన జట్టుకు చప్పట్లు కొట్టిరి. పాకిస్తాను ఆటగాండ్రు మైదానము చుట్టును తిరిగి ఆ గౌరవమును స్వీకరించిరి. ఎవరి తలయు పగులలేదు. ఎవరి దేశభక్తియు తరిగిపోలేదు.

రెండు చోట్లను ఓటమి యొక్కటే, దుఃఖ మొక్కటే. చేపాకములో నోటి యెదుట కబళము జారిపోయినది గనుక అచ్చటి దుఃఖమే యెక్కువ యనవచ్చును. అయినను నడవడి వేరయ్యెను. దీనినిబట్టి మనకు తేలునది యేమి? దుఃఖము దూషణకు కారణము కాదు. 'అభిమానము పట్టలేక అట్లు చేసితిమి' అనుమాట సాకు మాత్రమే. అభిమానము చప్పట్లకును దారి తీయగలదు, సీసాలకును దారి తీయగలదు. ఏ దారిని పోవలెనో నిర్ణయించుకొనువాడు మనిషి.

కలకత్తావారు చెడ్డవారనియు, చెన్నపట్టణమువారు మంచివారనియు మా అభిప్రాయము కాదు. ఈ జాడ్యము ఏ యొక్క యూరికిని సొంతము కాదు. 2015 అక్టోబరు 5 వ తేదీన కటకము బారాబతి మైదానములో దక్షిణాఫ్రికా చేతిలో భారత జట్టు 92 పరుగులకే అవుటైనప్పుడు అచ్చటను సీసాలు ఎగిరెను, ఆట ఆగెను. ఏ యూరి ప్రేక్షకుడైనను ఒకనాడు చేపాకము కావచ్చును, మరియొకనాడు ఈడెన్ గార్డెన్సు కావచ్చును. కావుననే ఈ విద్యను నేర్వవలెననుచున్నాము.

అట్లయిన ఆటగాని తప్పును చూచి ప్రేక్షకుడు నోరు మూసికొని కూర్చుండవలెనా యని కొందరు అడుగవచ్చును. అక్కరలేదు. ప్రేక్షకునికి విమర్శించు హక్కు కలదు. కాని విమర్శ వేరు, దూషణ వేరు. ఈ రెంటికిని నడుమనున్న గీతను చిన్నపిల్లలుగూడ గుర్తింపగల యొక పరీక్షను చెప్పుదుము. మన నోటినుండి వెలువడు మాట దేనిని తాకుచున్నదో చూచుకొనవలెను. ఆటగాడు మైదానములో చేసినదానిని, రేపు సాధనచేసి దిద్దుకొనగలిగినదానిని తాకినచో అది విమర్శ. అతని పుట్టుకను గాని, అతని యింటివారిని గాని, అతని చేతిలో లేని విషయమును గాని తాకినచో అది దూషణ.

'పాదము కదలుటలేదు', 'సులభమైన క్యాచి వదలినాడు', 'బంతిని ఇతరులకు అందింపక తానొక్కడే గోలు కొట్టజూచినాడు', 'ఈతనిని జట్టునుండి తప్పించుట మేలు' ఇట్టివన్నియు విమర్శలే. కటువుగా నుండవచ్చును, తప్పుగాకూడ నుండవచ్చును. అయినను ఆటకు సంబంధించినవి. చర్మపు రంగును, కులమును, మతమును, భాషను, మాట యాసను, తల్లిని, భార్యను, బిడ్డలను గూర్చి పలుకు మాటలు అట్టివి కావు. ఎంత సాధన చేసినను ఎవడును తన పుట్టుకను దిద్దుకొనలేడు. దిద్దుకొనవలసిన దోషమును అందులో లేదు. హాస్యమునకు మేము విరోధులము కాము. మంచి హాస్యమునకు ఆటగాడును నవ్వును. నవ్వలేని మాట హాస్యము కాదు, పోటు.

ఇక ఈ దూషణము తగిలినవారి వంక చూతము. హైదరాబాదునకు చెందిన మహమ్మదు సిరాజు పేరు మన పిల్లలందరును ఎరిగినదే. ఆటోరిక్షా నడిపి కుటుంబమును పోషించిన తండ్రి 2020 నవంబరులో మరణించినప్పుడు సిరాజు ఆస్ట్రేలియాలో నుండెను. ఇంటికి మరలి రాక జట్టుతోనే నిలిచి, డిసెంబరులో మెల్‌బోర్నులో తన మొదటి టెస్టు ఆడెను. 2021 జనవరిలో సిడ్నీ మైదానమున బౌండరీ గీతచెంత నిలిచియుండగా వెనుకనున్న ప్రేక్షకుల గుంపునుండి జాతిదూషణము అతని చెవిని బడెను. జనవరి 10 వ తేదీన ఆ సంగతి అంపైర్లకు తెలుపగా ఆట కొన్ని నిమిషములు ఆగెను. ఆరుగురు ప్రేక్షకులను వెలుపలికి పంపిరి. సిరాజు తిరిగి తిట్టలేదు. పదిదినములు తిరుగకముందే బ్రిస్బేనులో ఒక్క ఇన్నింగ్సులో అయిదు వికెట్లు తీసి, భారత జట్టు ఆ సిరీసును గెలుచుటకు తోడ్పడెను.

ఈ కథలో మనము గమనింపవలసిన భాగము తరువాత నున్నది. ఆస్ట్రేలియా క్రికెట్టు బోర్డు విచారణ జరిపి, భారత ఆటగాండ్రకు జాతిదూషణము జరిగినమాట నిజమేయని ఒప్పుకొనెను. అయితే ఆనాడు అందరు చూచుచుండగా వెలుపలికి పంపబడినవారు ఆ తప్పు చేసినవారు కారనియు తేల్చెను. అనగా అన్నవాడు గుంపులో దాగికొనెను. అనని వానికి అవమానము జరిగెను. గుంపు స్వభావమే యింత. 'గుంపులో గోవింద' యని మన పెద్దలు ఊరక అనలేదు. ఒంటరిగా ఆటగాని యెదుట నిలిచినచో నోరు పెగలనివాడు, వేయిమంది నడుమ కూర్చుండినంతనే శూరుడగును. తన గొంతు తనది కాదనియు, అందరిదనియు అనుకొనును. కాని దెబ్బతిన్నవానికి ఆ మాట అందరినుండియు వచ్చినట్లే తోచును. అందుచేత గుంపులో ఒక్కడు పలికిన దుర్భాషకు ఊరకున్న తక్కినవారును కొంత బాధ్యులే.

దూరదేశమువారు మనవారిని దూషించినప్పుడు మనకు కలిగిన కోపము న్యాయమైనది. అదే సంవత్సరము మనవారు మనవారినే దూషించినప్పుడు ఆ కోపము ఎందరికి కలిగెను? హాకీ క్రీడాకారిణి వందనా కటారియా తండ్రి 2021 మే నెలలో మరణించెను. ఆమె అప్పుడు బెంగుళూరు శిక్షణ శిబిరములో నుండి, తండ్రి కడసారి చూపునకు నోచుకొనలేకపోయెను. జూలై 31 వ తేదీన టోక్యో ఒలింపిక్సులో దక్షిణాఫ్రికాపై మూడు గోలులు కొట్టెను. ఒలింపిక్సులో ఒకే ఆటలో మూడు గోలులు కొట్టిన మొదటి భారత మహిళ ఆమెయే. నాలుగు దినముల పిదప సెమీ ఫైనలులో మన జట్టు అర్జెంటీనా చేతిలో ఓడెను. ఆ దినము హరిద్వారము దగ్గరనున్న ఆమె యింటి యెదుట కొందరు బాణసంచా కాల్చి, కులము పేరు పెట్టి దూషించిరని కుటుంబమువారు పోలీసులకు ఫిర్యాదు చేసిరి. పదునొకండుగురు ఆడిన ఆటలో ఓటమికి ఒక్కరి కులము కారణమగుట యెట్లో ఏ శాస్త్రమును చెప్పజాలదు.

అదే సంవత్సరము అక్టోబరు 24 వ తేదీన దుబాయిలో భారత జట్టు పాకిస్తాను చేతిలో 10 వికెట్ల తేడాతో ఓడినప్పుడు, ఆ ఓటమి భారమునంతయు మహమ్మదు షమీ తలపై పెట్టి, అతని మతమును చూపి నిందించుచు వేలకొలది ఫోనులలో వ్రాతలు వెలువడెను. జట్టు నాయకుడు విరాట్ కోహ్లీ బహిరంగముగా షమీ పక్షమున నిలిచెను. అంతట ఆ విషము అతని యింటివైపు తిరిగి, ఏడాదియైన నిండని పసిబిడ్డపై బెదిరింపుగా మారెను. ఆటతో ఆ శిశువునకు సంబంధ మేమి? పూర్వము తిట్టువాడు మైదానమునకు పోవలెను, టిక్కెట్టు కొనవలెను, గొంతు చించుకొనవలెను. ఆట ముగిసినంతనే అతని కేకయు గాలిలో కలిసిపోవును. నేడు మంచముపై పరుండి వ్రేలితో వ్రాసిన తిట్టు సముద్రములు దాటి, ఆటగాడు నిదురించు గదిలోనికి పోవుచున్నది. చెరిపినను చెరగక నిలుచుచున్నది. కాలు జారినచో తీసికొనవచ్చును, నోరు జారినచో తీసికొనలేమను సామెత ఫోనునకు మరింత తగియున్నది.

ప్రేక్షకుల పక్షమున సాధారణముగా రెండు వాదములు వినబడుచుండును. మొదటిది: 'మేము డబ్బిచ్చి టిక్కెట్టు కొన్నాము, మా యిష్టము వచ్చినట్లు అనుదుము.' టిక్కెట్టు కొన్నవాడు కూర్చుండుటకు చోటును, ఆట చూచు హక్కును కొన్నాడు. ఆటగాని మానమును కొనలేదు. రైలుటిక్కెట్టు కొన్నంతమాత్రమున డ్రైవరును తిట్టు హక్కు వచ్చునా? భోజనశాలలో బిల్లు చెల్లించినంతమాత్రమున వడ్డించువాని తల్లిని దూషింపవచ్చునా? డబ్బు పనికి చెల్లును, మనిషికి చెల్లదు.

రెండవది: 'వారు కోట్లు గడించుచున్నారు, నాలుగు మాటలు పడిన నేమి?' కోట్లు గడించువారు కొందరే. కబడ్డీ, హాకీ, పరుగు, కుస్తీ వంటి క్రీడలలో ఉద్యోగమే ఆధారముగా నెట్టుకొని వచ్చువారు ఎందరో కలరు. ఒకవేళ కోట్లు గడించినను, ధనము చెవులకు తలుపులు పెట్టదు. వేతనము ఆటకు ఇచ్చునది. అవమానమును భరించుటకు ఇచ్చునది కాదు. ఒకని సంపదను చూచి కలిగిన కంటగింపును, ఆటపై అభిమానమని పేరు మార్చి పిలుచుట ఆత్మవంచన.

అంతేగాక, ఇట్టి ప్రేక్షకుల తీర్పునకు విలువయు లేదు. 2023 డిసెంబరులో ముంబయి ఇండియన్సు యాజమాన్యము రోహిత్ శర్మకు బదులు హార్దిక్ పాండ్యాను జట్టు నాయకునిగా నియమించెను. నియమించినవారు యాజమాన్యమువారు, నిందలు మోసినవాడు ఆటగాడు. 2024 మార్చి ఏప్రిలు నెలలలో అహమ్మదాబాదులోను, సొంత మైదానమైన ముంబయి వాంఖెడేలోను, ఒక్క బంతియైన పడకముందే, అతడు టాసునకు వచ్చినంతనే హేళనధ్వనులు చెలరేగెను. వాంఖెడేలో టాసు నిర్వహించిన సంజయ్ మంజ్రేకరు మర్యాదగా నుండుడని ప్రేక్షకులకు చెప్పవలసివచ్చెను. జూన్ 29 వ తేదీన బార్బడోసులో ఇరువది ఓవర్ల ప్రపంచ పోటీ తుది ఆట. చివరి ఓవరులో దక్షిణాఫ్రికా గెలుపునకు 16 పరుగులు కావలసియుండగా బంతిని హార్దిక్ చేతికిచ్చిరి. భారత జట్టు 7 పరుగుల తేడాతో గెలిచెను. జూలై 4 వ తేదీన అదే వాంఖెడేలో ప్రజలు అతని పేరు పలుకుచు జేజేలు కొట్టిరి. మూడు నెలలలో మనిషి మారలేదు, ఫలితము మారెను. ఏప్రిలులో అంత తేలికగా రాలిన తిట్టు నిజమైన తీర్పు కానప్పుడు, జూలైలో అంత తేలికగా రాలిన జేజే మాత్రము నిజమైన మెప్పు ఎట్లగును? నోటికి అదుపులేని ప్రేక్షకుడు తన చప్పట్ల విలువను తానే పోగొట్టుకొనుచున్నాడు.

ఇంతవరకు చెప్పినది అందరికిని వర్తించునది. ఇక మన మాట. మనము తరతరములుగా ఈ నేలపై నివసించుచు, ఇంట తెలుగును, సంతలో తమిళమును, పొలిమేర దాటినచో కన్నడమును మాటలాడుచున్నవారము. మన హోసూరు ప్రాంతమువంటి చోట ఒకే బస్సులో మూడు భాషలు వినబడుచుండును. పుట్టుకను చూపి గేలిచేయుట యెట్లుండునో పుస్తకములు చదివి తెలిసికొనవలసిన అవసరము మనకు లేదు. 'తెలుగు' అను మాటను తలక్రిందులు చేసి పుట్టించినదని చెప్పుకొనెడి యొక వెక్కిరింపు పేరును మన పిల్లలలో పలువురు వినియేయుందురు. తప్పు లెక్క చేసినందుకు ఉపాధ్యాయుడు మందలించినచో ఆ బాధ సాయంత్రమునకు తీరును. మాతృభాషను బట్టి పెట్టిన ఎగతాళి పేరు ఏండ్ల తరబడి చెవిలో మ్రోగును. విమర్శకును దూషణకును గల భేదము మనకు ఇంతకంటె ఎవరు చెప్పవలెను?

అయితే ఆ బాధ తెలిసినవారమగుటచేతనే మన బాధ్యతయు హెచ్చుచున్నది. మనవారిలోను కొందరు పొరుగువారి మాటలను 'అరవగోల' యని తేలికగా అనుచుందురు. అనువారికి అది నుడికారము. వినువారికి అది ములుకు. అంతర పాఠశాల పోటీలలో ఎదుటి జట్టు తమిళ పాఠశాలవారో, కన్నడ పాఠశాలవారో, ఉర్దూ పాఠశాలవారో అయినప్పుడు, వెనుకబడిన జట్టు పక్షమువారికి మొదట నోటికి వచ్చునది భాష పేరే. నేడు కబడ్డీ బరియొద్ద భాషపేరు పెట్టి అరచిన పిల్లవాడు రేపు పెద్దవాడై పెద్ద మైదానములో కులము పేరు, మతము పేరు పెట్టి అరచును. మొలకను తీసివేయుట సులభము. మ్రానును పెకలించుట కష్టము.

ఆటలోని మేలైన గుణము మనవంటి అల్పసంఖ్యాక భాషీయులకు మిక్కిలి ఉపకారకమైనది. తమిళ కుటుంబములో పుట్టి సికిందరాబాదులో పెరిగిన మిథాలీ రాజ్‌ను తెలుగువారు తమ యాడపడుచుగా చెప్పుకొనుచున్నారు. మరాఠీ యింట పుట్టి బెంగుళూరిలో పెరిగిన రాహుల్ ద్రావిడ్‌ను కన్నడిగులు తమవాడని అక్కున జేర్చుకొనిరి. ఇంటి భాష ఏదని అడుగక, ఆట చూచి ఆదరించు చోటు మైదానము. గెలిచినప్పుడు ఇంటి భాషను అడుగనివారము, ఓడినప్పుడు మాత్రము ఏల అడుగవలెను? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పుకొన్నచో మన పిల్లలకు వేరే నీతిపాఠము అక్కరలేదు.

దీనికి చట్టము లేదా యందురేమో. కలదు. స్పెయిను దేశమున 2023 మే నెలలో వాలెన్సియా మైదానమున వినీసియస్ అను నల్లజాతి ఫుట్‌బాలు ఆటగానిని జాతిపేర దూషించిన ముగ్గురికి 2024 జూన్‌లో న్యాయస్థానము ఎనిమిది నెలల శిక్ష విధించెను. అట్టి శిక్షలు అవసరమే. కాని చట్టము ఎల్లప్పుడును మాట వెలువడిన తరువాతనే వచ్చును. మాట వెలువడక ముందే ఆపగలవాడు ప్రక్కన కూర్చున్నవాడు.

ఒక్కని వలన నేమగునని సందేహింపవలదు. 2019 జూన్ 9 వ తేదీన లండను ఓవల్ మైదానములో ఆస్ట్రేలియా ఆటగాడు స్టీవ్ స్మిత్‌ను భారత పక్ష ప్రేక్షకులు గేలిచేయుచుండిరి. బంతిని పాడుచేసిన వ్యవహారములో అతడు తప్పు చేసినమాటయు నిజమే. దానికి ఏడాది నిషేధమును అనుభవించి వచ్చినమాటయు నిజమే. అప్పుడు విరాట్ కోహ్లీ ఆ గుంపువంక తిరిగి, గేలి మాని చప్పట్లు కొట్టుడని చేతితో సైగచేసెను. తన పక్షమువారినే తాను మందలించెను. ఎదుటివారిని మందలించుట ఎవనికైనను సులభమే. తనవారిని మందలించుటలోనే ధైర్యమున్నది. 2021 జూలై 11 వ తేదీన ఐరోపా ఫుట్‌బాలు తుది ఆటలో పెనాల్టీలు తప్పిన ముగ్గురు నల్లజాతి ఇంగ్లండు ఆటగాండ్రపై దూషణములు వెల్లువెత్తెను. వారిలో సాకాకు అప్పటికి 19 ఏండ్లే. మాంచెస్టరులో రాష్‌ఫర్డు చిత్రమున్న యొక గోడను ఎవరో పాడుచేసిరి. అంతట ఆ యూరి ప్రజలు, చిన్నపిల్లలు సైతము, ప్రేమతో వ్రాసిన చీటీలు తెచ్చి ఆ మరకలు కానరాకుండ గోడనిండ అంటించిరి. పాడుచేసినవాడు ఎవరికంటను బడలేదు; బాగుచేసినవారు పట్టపగలు నలుగురి యెదుట వచ్చిరి. ధైర్యము ఎవరిదో వేరుగ చెప్పనక్కరలేదు.

కావున విద్యార్థులకును, తలిదండ్రులకును మా మనవి యిది. గుంపులో ఒకడు దుర్భాష మొదలిడినప్పుడు దానికి రెండవ గొంతు కావలదు. రెండవ గొంతు తోడుకానిచో మొదటిది తనంతట తానే చల్లారును. ప్రక్కవాడు మిత్రుడైనచో 'వద్దురా, ఆట చూడు' అని మెల్లగా చెప్పవలెను. మాట మించినచో ఉపాధ్యాయునికో, నిర్వాహకులకో తెలుపవలెను. ఫోనులో వ్రాయబోవు మాటను ఆ మనిషి యెదుట నిలిచి బిగ్గరగా చదువగలమా యని తనను తాను ప్రశ్నించుకొనవలెను. చదువలేనిచో వ్రాయరాదు, ఇతరులు వ్రాసినదానిని పంపనురాదు. తలిదండ్రులు టెలివిజను ముందు కూర్చుండి పలుకు ప్రతిమాటను ప్రక్కనున్న పిల్లవాడు మూటగట్టుకొనుచున్నాడని మరువరాదు.

పాఠశాలకును ఒక సూచన చేయుచున్నాము. ఇకమీదట మన మైదానమునకు వచ్చిన పొరుగు పాఠశాల జట్టును, గెలిచినను ఓడినను, మన విద్యార్థులు రెండు వరుసలుగా నిలిచి, ద్వారమువరకు చప్పట్లతో సాగనంపు ఆచారమును నెలకొల్పవలెను. ఆ జట్టువారికి ధన్యవాదమును వారి భాషలోనే చెప్పవలెను. దీనికి ఖర్చు లేదు, ప్రభుత్వోత్తరువు అక్కరలేదు. ఐదు నిమిషముల కాలము చాలును. నోరు మంచిదైన ఊరు మంచిదగునందురు. మన బడి నోరు మంచిదని పొరుగు బడులవారు చెప్పుకొన్ననాడు, ఏ పోటీలోను రాని బహుమతి మనకు వచ్చినట్లే యగును.